ఫస్టు షిఫ్టు వారం

డ్రైవర్ సోమారు బస్సు ఇంజన్ ఆపేశాడు. ఆపకపోతే బాగుండేది. ఇంజన్ మోత ఉన్నంతసేపూ నా కూతురితో మాట్లాడకపోవడానికి ఒక సాకు ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. ముందు అడ్డంగా గేటు, గేటు పక్కన ఎర్ర జెండా పట్టుకుని ఒక మనిషి, అతని వెనక ఘాట్ రోడ్డు మలుపు తిరిగి కిందకి దిగిపోతోంది. పైన గనిలో మందు పేల్చే వేళ. ఒక సైరన్ అయింది, ఇంకొకటి కావాలి, ఆ తర్వాత పేలుడు, ఆ తర్వాత ఇక భయం లేదని పొడుగ్గా ఇంకో సైరన్, అప్పుడు గేటు లేస్తుంది. కొండ మీద బతికేవాళ్లకు ఇది రోజూ ఉండే తంతే. ఎవరి మానాన వాళ్లు సెల్‌ఫోన్లు తీశారు, ముందు సీట్లో ఒకావిడ బుట్టలో కోడిని సర్దుకుంది. నా పక్కన కిటికీ వైపు చిన్నమ్మి. పంతొమ్మిదేళ్ల పిల్ల, చున్నీ కొసను వేలికి చుట్టి విప్పి మళ్లీ చుడుతోంది. మూడేళ్ల తర్వాత మేమిద్దరం ఒకే సీటులో కూర్చోవడం ఇదే. ఈ మూడేళ్లూ అది వాళ్ల నాన్న దగ్గర, కొండ మీది క్వార్టర్లో ఉంది. నేను కింద బజారులో గది తీసుకుని, రోజూ ఈ బస్సులోనే పైకొచ్చి గని క్యాంటీన్‌లో అన్నాలు వండి, ఈ బస్సులోనే దిగిపోతున్నాను. ఎదురుపడితే తల తిప్పుకునేది. అలాంటిది మొన్న ఫోన్ చేసి, "నీ దీదీ దగ్గరికి నేనూ వస్తా. ఒక్కసారే" అంది. ఎందుకని అడగలేదు, అడిగితే రానంటుందేమోనని. బస్సు కిందకి చేరేలోగా దానికి నేనొక మాట చెప్పాలి. చెబితే అది లేచి దిగిపోయి మళ్లీ కొండెక్కవచ్చు, ఈసారి ఎక్కితే ఇక నా వైపు రాదు. చెప్పకుండా కౌన్సిలింగ్ చేసే ఆ దీదీ గదికి తీసుకెళ్తే పిల్లను అబద్ధం మీద కూర్చోబెట్టినట్టు. ఇదీ నా చిక్కు.

నేను ఇల్లు వదిలిన రోజు కూడా అది ఇలాగే కిటికీ వైపు చూసింది. మా ఆయన భూషణం డ్యూటీలో ఉన్నాడు. నాలుగు చీరలు, దాని బట్టలు ఒకే సంచిలో పెట్టి, పోదాం రా అన్నాను. అది మంచం మీద నుంచి లేవలేదు. దాని బట్టలు అదే సంచిలోంచి తీసి, మడత పాడు కాకుండా మళ్లీ బీరువాలో పెట్టుకుంది. "నేను రాను. ప్రతిసారీ నువ్వే మొదలుపెట్టేదానివి. నేను విన్నా" అంది. ఏడవలేదు, అరవలేదు, మార్కులు చెప్పినట్టు చెప్పింది. కొట్టింది ఆయన కదే అని నేను అనలేదు. క్వార్టర్ల లైనులో అందరికంటే పెద్ద నోరని పేరున్నదాన్ని, ఆ పూట నోరు పెగల్లేదు, ఎందుకంటే అది చెప్పింది నిజం. నేనే మొదలుపెట్టేదాన్ని. సంచి తీసుకుని ఒక్కదాన్నే దిగొచ్చాను. పుట్టింటికి పోదామంటే బాసగూడ అవతల మా ఊళ్లో మనుషులే లేరు. అడవిలో గొడవలకు ఊళ్లు ఖాళీ అయిన ఏడాది అందరితో పాటు మా అమ్మ బుల్లమ్మ కూడా మూట కట్టుకుని చర్ల వైపు పోయింది, అక్కడ మిరప చేలల్లో కూలి. ఫోన్లో, "ఏంది బిడ్డా, వచ్చెయ్యమందునా అంటే నాకే నీడ లేకపాయె" అంది. పెళ్లినాడు మాత్రం గని నౌకరి, క్వార్టరు, నెల తిరిగేసరికి జీతం, ఇంకేం గావాలె అని ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. ఆమెను అనడానికి లేదు, నేనూ అదే అనుకున్నాను.

బుధ్రి దీదీ ఉందని నాకు చెప్పింది క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆవిడ, కోసే అని ఆమె పేరు. గురువారాలు దంతెవాడ నుంచి వస్తుంది, టౌన్‌షిప్‌లో మహిళా మండలి వాళ్ల గదిలో కూర్చుంటుంది, డబ్బులు అడగదు అంది. దీదీ గోండు పిల్ల, నాకంటే చిన్నది. భోపాలపట్నం హాస్టల్లో చదివింది కాబట్టి తెలుగు వచ్చు, కానీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క మాటే ఏరి పెడుతుంది. కౌన్సిలింగ్ అంటే బుద్ధులు చెబుతారనుకున్నాను. సర్దుకుపొమ్మంటే నాలుగు అంటించి వచ్చేద్దామని తయారై వెళ్లాను. ఆమె బుద్ధులేమీ చెప్పలేదు. "చెప్పులు విడువు. పాదాలు నేల మీద పెట్టు. నేల ఎట్లుంది?" అంది. నాకు నవ్వొచ్చింది. నేల ఎట్లుంటుంది, నేల లాగే ఉంటుంది. చల్లగుంది అన్నాను. ఏం వినపడుతుంది అంది. ఫ్యాను, బయట మేక అన్నాను. ఈ మాత్రం దానికి ఈమెకు జీతమిచ్చి దంతెవాడ నుంచి పంపిస్తున్నారా అనుకున్నాను. మర్నాడు క్యాంటీన్‌లో ఎవరో పెద్ద గిన్నె కింద పడేశారు. ఎప్పటిలాగే వీపు గోడకు అతుక్కుపోయింది, చేతులు ముఖం మీదకు లేచాయి, అప్పుడు ఎక్కడి నుంచో పాదాలు గుర్తొచ్చాయి. నేల తడిగా ఉంది. గంజి వాసన వస్తోంది. పడింది గిన్నె. నా మీదకు ఎవరూ రాలేదు. అన్నం వార్చేశాను. ఇదేం ఘనకార్యం కాదు. కానీ అంతకుముందు గిన్నె పడిందంటే ఆ పూటంతా ఏం చేశానో గుర్తుండక, పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది, గని మనుషులు ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూసేవాళ్లు. ఆ రోజు ఉప్పు సరిగ్గా పడింది. వచ్చే గురువారం కూడా పోదాం అనుకున్నాను, అలా పోతూనే ఉన్నాను.

ఇప్పుడు కూడా చెప్పులు విడిచి పాదాలు పెట్టాను. బస్సు నేల రేకు, దాని మీద ఎర్ర దుమ్ము. కాలివేళ్ల మధ్య మెత్తగా తగిలింది. ఈ దుమ్ము ఎంత ఉతికినా పోదు. భూషణం చొక్కాలు నానబెడితే బకెట్టు నీళ్లు రక్తంలా ఉండేవి, కొత్తలో భయపడ్డాను, తర్వాత అలవాటైంది. ఆయనది విజయనగరం వైపు. ఖనిజం మోసుకుపోయే రైలు లైను వెంట వచ్చిన మనుషుల్లో వాళ్ల నాన్న ఒకడు. ఈయన బ్లాస్టింగ్ గ్యాంగులో చేరాడు. పనిలో అంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. జేబులో అగ్గిపెట్టె ఉంటే గేటు బయటే ఎవరికైనా ఇచ్చేసేవాడు. వైర్లు కలిపిన చోటల్లా మళ్లీ వెళ్లి చేత్తో తడిమి చూసేవాడట. ఆయన గ్యాంగులో ఎవడికీ గోరు ఊడలేదని ఇప్పటికీ క్యాంటీన్‌లో అనుకుంటారు, నేను వాళ్లకు కూర వడ్డిస్తూ వింటాను. మంచిరోజుల్లో అన్నం తిన్నాక చాప మీద చింతగింజలు పరిచి, ఇవి మందు కూరే హోల్స్, ఇది వైరు, ఇక్కడ మేము దాక్కుంటాం అని నాకూ చిన్నమ్మికీ చూపించేవాడు. ఒక గింజ మీద వేలు పెట్టి, "ఒకటి పేల్లేదనుకో, ఏటి చేస్తాం? దగ్గరికెళ్లి చూస్తామా? కెలికీసేవనుకో, బాడీ కూడా దొరకదు. పక్కన ఇంకో హోలు వేసి దాంతో పేల్చీయాలి. మన షిఫ్టులోనే పేల్చీయాలి. తెలీక వచ్చినోడి కాళ్ల కింద వదిలీకూడదు" అనేవాడు. చిన్నమ్మి చప్పట్లు కొట్టేది. ఆ సాయంత్రాలు నాకిష్టం. ఇది కూడా చెప్పుకోవాలి. దీదీ దగ్గర మొదట్లో మంచివన్నీ దాచేసేదాన్ని, మంచి చెబితే చెడ్డది నమ్మరని. ఆమె ఒకరోజు, ఆయన నవ్వితే ఎట్లుంటడు అని అడిగింది. బాగుంటాడని చెప్పి, ఎందుకో చాలాసేపు ఏడ్చాను.

రెండో సైరన్ మోగింది. సెల్‌ఫోన్లు చూసుకునేవాళ్లు ఒక్క క్షణం తలలెత్తారు. నా భుజాలు వాటంతట అవే చెవుల దాకా లేచాయి, నాలుక పళ్ల వెనక్కి పోయింది. ఇక పేలాలి. పేలలేదు. బుట్టలో కోడి ఒకసారి కొక్కొక్కమంది. ఎర్ర జెండా మనిషి చేతిలో వాకీటాకీ గరగరలాడింది, అతను దానితో ఏదో అని, సోమారు వైపు చెయ్యి ఊపాడు. "వైరు ఎక్కడో తెగిందట. టైమ్ లగేగా" అన్నాడు సోమారు, ఇంకా చాలాసేపు పడుతుందని స్టీరింగ్ మీద చేతులు పెట్టి తల ఆనించాడు. వెనక ఎవరో ఉస్సురన్నారు. చిన్నమ్మి కిటికీలోంచి చూస్తూనే, నాతో అందో తనలో తను అనుకుందో తెలియకుండా, "ఇవ్వాళ నాన్న గ్యాంగే. కనెక్షన్లన్నీ మళ్లీ చూస్తారు" అంది. అంటే ఆయన పైన ఉన్నాడు, వైరు పట్టుకుని ఒక్కొక్క ముడీ తడుముతున్నాడు. ఆయన పేల్చేదాకా మేము కదలకూడదు. పేలుడుకు భయం కాదు నాది. పేలుడు ఎంతసేపు, కన్ను మూసి తెరిచేంత. పేలబోతోందని తెలిసి కూర్చోవడం ఉంది చూడండి, అది నాకు చేతకాదు. ఎప్పుడూ చేతకాలేదు.

ఫస్టు షిఫ్టు వారాల్లో ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చేవాడు. బూట్లు గోడవారగా విడిస్తే పర్వాలేదు. గుమ్మంలోనే విడిస్తే ఇక తెలిసిపోయేది. కంచం ముందు కూర్చుని అన్నంలో వేలు పెట్టి గీతలు గీసేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు, అలా మాట లేకుండా ఉండటమే మొదలు. ఇవాళ ఉంది. ఎప్పుడన్నది తెలియదు. ఇప్పుడా, టీ తాగేటప్పుడా, దీపాలు పెట్టాకా, అందరం కంచాల ముందు కూర్చున్నాకా. నేను కూర తిప్పుతూ వీపుతో ఆయన్ని చూస్తూ ఉండేదాన్ని. మెడ పట్టేసేది, మాటిమాటికీ దొడ్లోకి పోవాల్సి వచ్చేది. కాసేపయ్యాక నాకే తెలిసేది కాదు, చేతిలో గరిటె పెట్టేసి, ఆయన వైపు తిరిగి, "వెంకటనారాయణను మేట్ చేసినారంట గదా" అనేదాన్ని. వెంకటనారాయణ ఆయన కింద చేరినవాడు, ఆయన్ని దాటి పైపోస్టుకు పోయినవాడు. ఆ ఒక్క మాట చాలు. ఆ మాట గురి తప్పడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత జరిగేది జరిగేది. రవిక, చీర కప్పే చోట్లే కొట్టేవాడు, అందులోనూ జాగ్రత్తే. అయిపోయాక ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను ముఖం కడుక్కుని, జుట్టు ముడేసుకుని, పొయ్యి మీద బాణలి పెట్టేదాన్ని. ఒళ్లంతా నొప్పి, కానీ కడుపులో బిగువు వదిలేసేది, మెడ తిరిగేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, హమ్మయ్య అనిపించేది. గోడ అవతల వెంకమ్మ అంతా వినేది. మర్నాడు నీళ్ల దగ్గర, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన ఊకె కూసున్నా నువ్వే కదిలిస్తివి గద నాగేశ్వరమ్మా" అనేది. ఆమె చెడ్డది కాదు, నాకు కాపడానికి వేడినీళ్లు కూడా తెచ్చిచ్చింది ఒకసారి. ఆమె విన్నది ఆమె చెప్పింది. ఆయనా అదే చెప్పేవాడు, నీ నోరే నిన్ను తన్నిస్తోంది అని. ఇంతమంది ఒకే మాట చెబితే, పైగా అది నిజమైతే, నేను మాత్రం ఏమనుకుంటాను? తన్నులు అడుక్కునే రకం అనుకున్నాను నన్ను నేను. ఏ జన్మలోనో ఏదో చేసి ఉంటాననుకున్నాను.

ఈ సంగతి దీదీకి చెప్పడానికి చాలాకాలం పట్టింది. చెబితే కుర్చీ వెనక్కి జరుపుకుని, అయితే మొగుణ్ణి పిలువు అంటుందనుకున్నాను. మొన్నీమధ్య చెప్పేశాను, చీకటి పడుతోందని లేచి నిలబడి మరీ చెప్పాను. "నేనే మొదలుపెట్టేదాన్ని దీదీ. ప్రతిసారీ. కావాలనే." ఆమె అయ్యో అనలేదు. నీ తప్పు కాదనీ అనలేదు. కూర్చో అంది. ఎప్పుడు అని అడిగింది. పగలే అన్నాను. నైట్ షిఫ్టు వారంలో అని అడిగింది. లేదు, ఆ వారాల్లో ఎప్పుడూ లేదు. ఆదివారాలు? లేదు. మరి? ఫస్టు షిఫ్టు వారంలోనే అన్నాను, అన్నాక నాకే వింతగా అనిపించింది, నోరు పెద్దదైతే అన్ని వారాలూ పెద్దదిగానే ఉండాలి కదా. "పాప ఎక్కడ ఉండేది?" బడిలో. "పాప ఇంట్లో ఉన్నప్పుడు ఎప్పుడన్నా మొదలుపెట్టినవా?" నేను ఆమె వైపు చూశాను. "అదెట్ల? అది వచ్చేసరికి అయిపోవాలె గద" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందే గానీ నేను అనుకుని అన్నది కాదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు పప్పు గిన్నె గుర్తొచ్చింది. చిన్నమ్మి చిన్నప్పుడు, ఒకటో తరగతో రెండో తరగతో, ముగ్గురం తింటున్నాం. ఆయన మధ్యాహ్నం నుంచీ మాట లేకుండా ఉన్నాడు, నేను ఆ రోజు నోరు కుట్టుకుని కూర్చున్నాను, నోరు మంచిదైతే ఊరు మంచిదని. పప్పు గిన్నె గాల్లోకి లేచింది. పిల్ల జుట్టంతా పప్పు, చెవి పక్కన కాలింది, కూర్చున్న చోటే ఒంటికి పోసుకుంది, అయినా చేతిలో ముద్ద కింద పెట్టలేదు, నోట్లో పెట్టుకోవాలో వద్దో తెలియక నా వైపు చూసింది. ఆ చూపు. ఆ తర్వాతి ఫస్టు షిఫ్టు వారం నుంచే నేను మొదలుపెట్టింది. ఆయన చింతగింజలు పరిచి నేర్పిందే చేశాను. పేలకుండా ఉన్నదాన్ని తెలియక వచ్చేవాళ్ల కాళ్ల కింద వదలకూడదు, మన షిఫ్టులోనే పేల్చేయాలి. బడి బస్సు వచ్చేలోపు పేల్చేసి, పిల్ల వచ్చేసరికి పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉండాలి. ఇదంతా దీదీకి చెప్పాను, చింతగింజల సంగతి కూడా. ఆమె విని విని, "పేల్చేముందు అక్కడ ఉన్నోళ్లను తప్పిస్తరు గద" అంది. అవునన్నాను. "అందర్ని తప్పించినవ్. నిన్ను?" నాకు ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఆ రోజు బాగా చీకటి పడ్డాక గదికి పోయి, అన్నం వండుకోకుండా పడుకున్నాను.

కాబట్టి ఇప్పుడు నాకు తెలుసు, నాలో దెబ్బలు కోరుకునే రకం ఎవరూ లేరు. తెలిసినంత మాత్రాన చిన్నమ్మికి చెప్పడం తేలిక కాదు. దానికి తెలిసింది ఒక్క రోజు సంగతి. ఏదో బంద్ అని బడి ముందే వదిలితే, గుమ్మంలో నిలబడి నా మాట విన్నది, ఆయన లేవడం చూసింది. అది చూసిన సినిమాలో మొదటి మాట నాది. ఆ పిల్లతో, నీకోసమే చేశానే అంటే ఎలా ఉంటుంది? నేను తిన్న తన్నులు తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టినట్టు ఉంటుంది. అలా చెప్పకూడదు. మరి ఎలా చెప్పాలి? ఇంకా పేలలేదు. ఎండ కిటికీలోంచి దాని మోకాలి మీద పడింది. దాని చెవి పక్కన మచ్చ జుట్టులోకి పోయి కొద్దిగా కనబడుతోంది. చెప్పేసెయ్, ఇప్పుడే, ఈ నిమిషమే, ఏమైతే అది కానీ, దిగిపోతే పోనీ, ఈ కూర్చోవడం కంటే నయం. నోరు తెరిచాను కూడా. తెరిచి, నా కడుపు ఎంత బిగుసుకుపోయి ఉందో చూసుకున్నాను. ఇది నాకు తెలిసిన బిగువే. గరిటె పక్కన పెట్టి ఆయన వైపు తిరిగేదాన్ని కదా, అదే. ఆగలేక పేల్చేయడం. నా మీద నాకే కోపమొచ్చింది, తర్వాత నవ్వూ వచ్చింది, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు. నోరు మూసుకున్నాను. పాదాలు రేకు మీద నొక్కాను. ముందు ఆయన పని ఆయన్ని చేసుకోనీ. నేను నా పిల్లతో మాట్లాడటానికి ఆయన సైరన్‌తో పోటీ ఏమిటి?

పేలింది. ముందు బస్సు అదిరింది, తర్వాత చప్పుడు వచ్చింది, తర్వాత రాళ్లు దొర్లే చప్పుడు ఎక్కడో పైన. అద్దాలు గలగలలాడాయి. నేను సీటు మీద ఎగిరిపడ్డాను, సరే, నేను ఎగురుతాను. కానీ నా మోచేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చిన్నమ్మి. పుట్టినప్పటి నుంచీ రోజూ ఈ చప్పుడు వింటూ పెరిగిన పిల్ల, బ్లాస్టింగ్ గ్యాంగు మనిషి కూతురు, కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుని ఉంది. వెంటనే వదిలేసింది, వదిలేసి చున్నీ సర్దుకుంది. బస్సులో ఇంకెవరూ ఉలిక్కిపడలేదు, కోడి తప్ప. పొడుగు సైరన్ మోగింది. గేటు లేచింది. సోమారు ఇంజన్ స్టార్ట్ చేసి, బస్సు మలుపు తిరిగి కిందకి దిగడం మొదలుపెట్టాక, కడుపు కాస్త వదులయ్యాక, చెప్పాను.

"చిన్నమ్మీ, నువ్వు ఆనాడు అన్నది నిజమే. నేనే మొదలుపెట్టేదాన్ని."

"తెలుసు" అంది, బయటికే చూస్తూ.

"నువ్వు బడి నుంచి వచ్చేలోపల అయిపోవాలని అట్ల చేసిన. నీ ముందర కావద్దని. నువ్వేం చెయ్యమనలేదు, నాకు అప్పుడు అట్ల తోచింది, అంతే. తోచకుంటే బాగుండు."

"తెలుసమ్మా."

రెండు 'తెలుసు'లూ ఒకేలా ఉన్నాయి. ఇక మాట్లాడవద్దని చెబుతోందనుకున్నాను. బస్సు ఇంకో మలుపు తిరిగింది, కింద రైలు పట్టాలు, ఖనిజం గుట్టలు కనబడ్డాయి. దిగిపోవాలంటే ఇక్కడ స్టాపు లేదు, కిందకి పోయాకే దిగాలి, అక్కడి నుంచి పైకి పోయే బస్సు ఎక్కుతుందేమో. అప్పుడు అది అంది, "స్పెషల్ క్లాసుంది అని లేటుగా వచ్చేదాన్ని కదా." అవును, వారంలో రెండు మూడు రోజులు అలా అనేది, తెలివైన పిల్ల అని నేను మురిసిపోయేదాన్ని. "ఏ క్లాసూ లేదు. మన లైను మలుపులో కల్వర్టు ఉంది చూడు, అక్కడ కూర్చునేదాన్ని. ముందు ఇంటి దాకా వచ్చేదాన్ని. నీ గొంతులో వెంకటనారాయణ అంకుల్ పేరు వినిపిస్తే వెనక్కి పోయేదాన్ని. తాలింపు వాసన వస్తే అయిపోయిందని తెలిసేది. అప్పుడు వచ్చేదాన్ని." చున్నీ కొస మళ్లీ వేలికి చుట్టుకుంది. "నేను లోపలికి వస్తే నాన్న ఆగేవాడేమో. ఒక్కసారి కూడా రాలేదు. బంద్ రోజు వచ్చానంటే, ఆ రోజు బయట వాన. లేకపోతే ఆ రోజూ వచ్చేదాన్ని కాదు. అందుకే నువ్వే మొదలుపెట్టావ్ అన్నా. నువ్వే మొదలుపెడితే ఇక నేను..." అక్కడ ఆపేసింది.

దీదీ దగ్గర నేర్చుకున్న మాటలన్నీ నాకు నోటికి వచ్చు. నీ తప్పు కాదు, నువ్వు చిన్నదానివి, నువ్వు చేయగలిగింది నువ్వు చేశావు. ఒక్కటీ రాలేదు. "ఎండలో కూర్చునేదానివా?" అన్నాను.

"లేదు. మద్ది చెట్టు ఉంది కదా అక్కడ."

"ఆకలైతే?"

"మంగ్లీ టిఫిన్ డబ్బాలో ఏదో ఒకటి మిగిల్చేది."

మంగ్లీకి తెలుసన్నమాట. దాంతో పాటు బడికి పోయే మంగ్లీ, అప్పటికి పదేళ్ల పిల్ల. నాకు ఏడుపొచ్చింది, బస్సులో అందరూ చూస్తారని కొంగు అడ్డం పెట్టుకున్నాను. అన్నేళ్లూ పిల్లను తప్పించానని లోలోపల ఒక గర్వం ఉండేది నాకు, దీదీకి కూడా చెప్పని గర్వం. వీపు మీద దెబ్బలు లెక్కలోకి రాకుండా అదే కాపాడింది. తప్పించింది ఏమీ లేదు. అది కల్వర్టు మీద కూర్చుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ, నా తాలింపు కోసం ఎదురుచూసింది. నేను లోపల, అది బయట, ఇద్దరం ఒకరికొకరం తెలియకుండా ఒకే పని చేశాం. ఆ పూటల్లో ఆయన మాత్రం గోడ వైపు తిరిగి నిద్రపోయాడు. చిన్నమ్మి నా వైపు తిరిగి చూసింది, తన చున్నీ కొస ఇచ్చింది తుడుచుకోమని, అది కూడా ఎర్ర దుమ్ము పట్టి ఉంది.

టౌన్‌షిప్‌లో దిగాక అది పైకి పోయే బస్సు వైపు చూడను కూడా చూడలేదు. నా పక్కన నడిచింది, బజారు దాటి, పోస్టాఫీసు దాటి, మహిళా మండలి గది దాకా. బుధ్రి దీదీ వరండాలోనే నిలబడి ఉంది, లేటైందేమని అడగలేదు, గేటు పడితే లేటవుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. "ఇద్దరూ కలిసి కూసుంటరా?" అంది. నేను సరే అనబోయాను. "ముందు నేనొక్కదాన్నే" అంది చిన్నమ్మి. చెప్పులు గుమ్మం బయట, గోడవారగా, జతగా విడిచి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. రోడ్డు మీద కుక్క ఒకటి పడుకుని ఉంది, పక్కనుంచి లారీలు పోతున్నాయి, లేవడం లేదు. లోపల మొదట దీదీ గొంతు వినపడింది. తర్వాత ఏడుపు. చిన్నగా మొదలై పెద్దదైంది. దాని ఏడుపు అలా ఉంటుందని నాకు తెలియదు, పెద్దయ్యాక అది నా ముందు ఏడవలేదు. నేను లేచి నిలబడ్డాను. తలుపు తోసి, ఇక చాల్లే రా తల్లీ ఇంటికి పోదాం అంటే అక్కడితో అయిపోతుంది, తొందరగా ముగించేయడం నాకు బాగా చేతనవును. తలుపు దాకా వెళ్లాను. గడియ వేసి లేదు. మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.